నడిచెరువులో నిలబడ్డ ఆమె

ఆమె పోయిందని మలుపు దగ్గర టీ కొట్టాయన చెప్పాడు. గ్లాసు నా చేతికిస్తూ, "మీ చేపలామె పోయింది టీచరమ్మా, రాత్రి" అన్నాడు. ఆ వెంటనే, "చక్కెర తక్కువేసిన, సరిపోయిందా?" అని అడిగాడు. నేను టీ తాగలేదు. గ్లాసు అక్కడే బల్ల మీద పెట్టి, రోడ్డుకు అవతల ఆమె కూర్చునే చోటు వైపు చూశాను. గోనెపట్టా ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఒక కుక్క పడుకుని ఉంది. ఆమె ఉండగా ఏ కుక్కకూ అంత ధైర్యం లేదు.

ఇబ్రహీంపట్నం అనగానే అందరికీ పెద్ద చెరువే గుర్తొస్తుంది. నేను చెప్పేది అది కాదు. నేను పని చేసే బడి ఉన్న ఊరు వేరే, ఆ ఊరి చెరువు వేరే. ఊరి పేరూ చెరువు పేరూ రాయను, ఆమె పేరూ రాయను. రాస్తే ఇంకొకళ్ల పేర్లు కూడా రాయాల్సి వస్తుంది. ఆ పేర్లు రాయడం నాకిష్టం లేదు. నేను ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి ఆ ఊరి మలుపు దగ్గర దిగుతాను. సాయంత్రం అదే మలుపు దగ్గర బస్సు కోసం నిలబడతాను. ఆమె అక్కడే గంప పెట్టుకుని చేపలమ్మేది. మా పరిచయం అంతవరకే.

ఆమె గురించి చెప్పాలంటే ముందు ఉమ్మడం గురించి చెప్పాలి. మర్యాదగా మొదలుపెట్టాలని నాకూ ఉంది, కాని కుదరదు. ఆమె ఉమ్మేది. నచ్చని మనిషి కనిపిస్తే ఉమ్మేది, నచ్చని మాట వినిపిస్తే ఉమ్మేది, నచ్చని మనిషి తలపుకొస్తే కూడా ఉమ్మేది. మెడ తిప్పకుండా పెదవుల్లోంచి ఎడమ పక్కకు విసిరేసినట్టు ఉమ్మేది. గంప కుడి పక్కన ఉండేది కనుక అటు ఉమ్మేది కాదు. చెరువు వైపు తిరిగి ఉన్నప్పుడు మాత్రం ఎంత కోపమొచ్చినా నోరు కదిలేది కాదు. లేచి, అటు తిరిగి, అప్పుడు ఉమ్మేది. నీళ్ల దిక్కు ఉమ్మడం ఆమె లెక్కలో మనిషి చేసే పని కాదు.

నేను పిల్లలకు రోజూ చెప్పే మాట, బాటల మీద ఉమ్మొద్దని. వాళ్లు బడి గేటు దాటగానే ఈమె కనిపించేది. నా పాఠమంతా అక్కడే కొట్టుకుపోయేది. ఆమె ఉమ్మినప్పుడల్లా నేను మొహం తిప్పుకునేదాన్ని. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి ఇంకొంచెం గట్టిగా ఉమ్మేది.

మొదటి రోజే నా పరువు తీసింది. గంపలో ఒక రవ్వ చేపను గొడుగు మొనతో చూపించి, అది ఎలా ఇస్తావని అడిగాను.

"గొడుగుతోని పొడుస్తవేంది? అది నీ బళ్లె సదివే పిల్లగాడా?" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లిపోదామనుకుంటే బస్సు రాలేదు. ఆమె నా వైపు చూడకుండానే చేపను తీసి, బొటనవేలితో మొప్ప ఎత్తింది. లోపల ఎర్రగా, తడిగా మెరుస్తోంది.

"ఇట్ల ఎత్తి జూడాలె. ఎర్రగుంటె పొద్దున సచ్చినట్టు. నల్లగుంటె నువ్వు పుట్టకముందు సచ్చినట్టు. మొప్ప ఎత్తి సూపియ్యనోని దగ్గర చేప కొనకు పంతులమ్మా, వాని మాట గూడ వినకు."

ఆ తర్వాత ఆమె దగ్గర ఎన్నిసార్లు చేపలు కొన్నా, నేను అడగకముందే మొప్ప ఎత్తేది. నాకు తెలిసిన ఏ పెద్దమనిషీ తన సరుకును అంత నమ్మకంగా చూపించడం నేను చూడలేదు. మనుషుల గురించి మాట్లాడినా అదే మాట వాడేది. ఓట్లప్పుడు చేతులు జోడించుకుంటూ వచ్చినాయన అటు వెళ్లగానే, "జర మొప్ప ఎత్తి జూడుండ్రే వీన్ని" అనేది. కొత్త హెడ్మాస్టరు వచ్చినప్పుడు నన్నడిగింది, "ఎట్లున్నడు, ఎర్రగున్నడా?"

మంచిదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మంచిది కాదు. కోడలితో రోజూ తగాదా. పలకరిస్తే పలికేది కాదు. సాయంత్రాలు మన్నెగూడ వైపు నుంచి, ఆదిబట్ల వైపు నుంచి కార్లు వచ్చేవి. అద్దం కొంచెం దించి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, "ఫ్రెష్షేనా?" అని అడిగితే గంప మీద తడిగుడ్డ కప్పేసేది.

"ముక్కు మూసుకునేటోళ్లకు నేనియ్య. ముక్కు మూసుకొని ఎట్ల తింటవ్ బిడ్డా, పో."

సముద్రం దగ్గరి జిల్లాల నుంచి లారీల్లో వచ్చే ఐసు చేపలు అవతలి వైపు ఒకాయన అమ్మేవాడు. మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. ఈమె ఆయన్ని "పీనుగులాయన" అనే పిలిచేది. "సచ్చిన జీవాన్ని మంచుల వెట్టి దాస్తవా, థూ" అని రోజుకొకసారైనా వినిపించేది. ఆయన తల వంచుకుని కత్తిపీట కడుక్కునేవాడు. అన్యాయమని నాకనిపించేది. ఒకసారి అన్నాను కూడా.

"అన్యాయమే" అంది. "ఎర్రగున్నది అమ్ముకునేదాన్ని, ఒకలకు అన్యాయం జేసేందుకు నాకు తీరికున్నది." అని నవ్వింది. ఆమె నవ్వడం నేను అదొక్కసారే చూసినట్టు గుర్తు.

ఆ ఎర్రదనమంతా నడిచెరువుది. ఆమె కొడుకు థర్మాకోల్ తెప్ప మీద చెరువు నడిమధ్యకు పోయి సాయంత్రం వలలు వేసేవాడు, తెల్లారి ఎత్తేవాడు. రవ్వలు, బొచ్చెలు, అదృష్టముంటే కొర్రమట్టలు. కట్ట వెంబడి నీళ్లలో నాచూ, బతుకమ్మల పూలూ, వినాయకుల కట్టెలూ తప్ప ఏమీ దొరకవు. ఊరి మురికి కాలువ కూడా అక్కడే కలుస్తుంది. నడిచెరువు పోతే ఆమెకు గంప లేనట్టే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగిలిందంతా అర్థమవుతుంది.

ఒకరోజు మా బడి ఆవరణలో షామియానా వేశారు. చెరువు నీళ్లను ఎవరు ఎక్కడ ఎలా వాడుకోవాలో ప్రణాళిక వేస్తారట, దానికి ప్రజల అభిప్రాయం కావాలట. డప్పులతో ఎదురుకోలు, పెద్ద బ్యానరు, సమోసాలు. వచ్చిన బృందంలో ముఖ్యుడు ఒక కుర్రవాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, మెత్తటి మాట. కోస్తాలో సముద్రం మీద ఇలాంటి పనే చేసి వచ్చాడట. తెర మీద సముద్రం బొమ్మ వేశాడు. సముద్రమంతా రంగురంగుల ముక్కలు. ఇక్కడ పెద్ద ఓడలు, ఇక్కడ గాలిమరలు, ఇక్కడ విహారం, ఇదిగో ఇక్కడ చేపల వేట. "తీరం వెంబడి ఊళ్లన్నీ ఈ ప్రణాళికను స్వాగతించాయి" అన్నాడు.

ఆమె ముందు వరసలో నేల మీద కూర్చుంది. కుర్చీ ఇస్తే వద్దంది.

"సముద్రానికి గూడ పొలం లెక్క గెట్లు వెట్టిన్రా?" అంది.

కుర్రవాడు నవ్వి, "గెట్లు కాదమ్మా, ప్రణాళిక. గొడవలు రాకుండా ముందే అనుకోవడం."

"ఆడ చేపలు వట్టేటోళ్లు ఏమన్నరు?"

"చాలా సానుకూలంగా స్పందించారమ్మా. సర్వేలో అనుకూలత ఎక్కువగా వచ్చింది."

"గది గాదు. ఏమన్నరు? ఒక్కల మాట జెప్పు. నా అసుంటి ముసలిది ఒక్కతన్న ఉంటది గదా ఆడ, అదేమన్నది?"

ఆ కుర్రవాడు తెర వైపు చూశాడు. తెర మీద రంగులున్నాయి, ముసలామె మాట లేదు. "అందరి అభిప్రాయాలూ కలిపి తీసుకున్నామమ్మా" అన్నాడు. ఆమె ఎడమ పక్కకు తిరిగి, షామియానా కిందే, మా బడి నేల మీదే ఉమ్మింది. "ఇక్కడ కాదు" అని నేను అరిచాను. ఆమె నా వైపు ఒక చూపు చూసి కొంగుతో మూతి తుడుచుకుంది.

తర్వాత ఆ కుర్రవాడు ఒక మాట అన్నాడు. బొమ్మ మేము గీయకూడదు, మీ చెరువును మీరే నేల మీద గీయండి, ఆడవాళ్లు ముగ్గుతో వేస్తే బాగుంటుంది అని. మంచి ఉద్దేశంతోనే అన్నాడని నేను నమ్ముతాను. అదే నాకు మరీ వెగటు పుట్టిస్తుంది.

మహిళా సంఘం వాళ్లు లేచారు. మా వైపు ఆడవాళ్ల చేతికి రంగు పొడులిచ్చి నేల చూపిస్తే ఊరుకుంటారా? కట్ట పసుపుతో, అలుగు ఎర్రగా, నీళ్లు నీలంగా, తూములు, నీళ్లు తగ్గితే బయటపడే శిఖం భూములు, బర్రెలు దిగే రేవు, అన్నీ వేశారు. ఒకామె మూల మీద కుంకుమ పెట్టింది. ఇంకొకామె వేపకొమ్మ గుచ్చింది. అది చూసి మత్స్యకారుల సంఘం పెద్ద తనే వచ్చి కొబ్బరికాయ కొట్టాడు, కర్పూరం వెలిగించాడు. అంతే, అది బొమ్మ కాకుండా పోయింది. పట్నమైంది. పట్నమంటే దేవుళ్ల పేరు మీద రంగు పొడులతో నేల మీద వేసేది. వేశాక మామూలు మనుషులెవరూ దాని మీద కాలు పెట్టరు. శిగమొచ్చినవాళ్లే, అంటే దేవత పూనినవాళ్లే తొక్కుతారు. వాళ్లు తొక్కాక దాని పని అయిపోయినట్టు. ఊడ్చి ఎత్తేస్తారు.

కుర్రవాడికి ఇదేమీ తెలియదు. చప్పట్లు కొట్టి, "ఇప్పుడు అందరూ లోపలికి వచ్చి, మీరు చెరువును ఎక్కడ వాడతారో అక్కడ నిలబడండి" అన్నాడు.

చెప్పులు విడిచారు. అందరూ వచ్చారు. వచ్చి అంచు మీద నిలబడ్డారు. బర్రెల వాళ్లూ అంచునే, బట్టలుతికేవాళ్లూ అంచునే, తెల్లారితే నడిచెరువులో ఉండే చేపలవాళ్లు కూడా అంచునే. గంగమ్మ మీద కాలెలా పెడతారు? పొడి తగలకుండా వేళ్లు వెనక్కి లాక్కుని నిలబడ్డారు పాపం.

"మధ్యలో ఎవరైనా ఉన్నారా?" అన్నాడు కుర్రవాడు. ఎవరూ కదలలేదు. "సరే, ఎవరూ లేరు" అని పక్కనున్న అమ్మాయికి చెప్పాడు. ఆ అమ్మాయి ఫోటో తీసింది.

నేను సంఘం పెద్ద వైపు చూశాను. ఆయన చిన్నవాడేమీ కాదు, తెలియనివాడూ కాదు. పట్నం సంగతీ తెలుసు, ఆ ప్రశ్న సంగతీ తెలుసు, తన వాళ్లు ఎందుకు అంచున నిలబడ్డారో తెలుసు. ఒక్క మాట చెబితే అయిపోయేది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ ప్రణాళికతో చెరువులో బోటింగు వస్తే ఒడ్డున క్యాంటీను ఆయనకేనని అప్పటికే ఊళ్లో అనుకుంటున్నారు. పెదవుల చివర సమోసా పొడి అంటుకుని ఉంది. ఆ పొడిని ఇప్పటికీ మరిచిపోలేను.

అప్పుడామె లేచింది. చెప్పులు ముందే విడిచింది. సీసాలో నీళ్లు పాదాల మీద పోసుకుంది. చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకుంది. పట్నం మీద కాలు పెట్టింది. ఆడవాళ్లు ఒక్కసారిగా గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. తడి కాళ్లకు నీలం పొడి అంటుకుంటుండగా నెమ్మదిగా నడిచి, సరిగ్గా నడిమధ్యకు పోయి నిలబడింది.

"ఈడ" అంది. "వలలు ఈడనే వడ్తయి. కట్ట పొంటి ఏమున్నది, నాచు తప్ప? రాసుకో బిడ్డా. నడిమిట్ల మేమున్నం."

అంతకంటే తేట మాట ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. కాని ఆ మాట పూర్తికాకముందే వెనకనుంచి ఎవరో, "శిగమొచ్చింది, అమ్మొచ్చింది" అన్నారు. డప్పులవాళ్లు అలవాటు కొద్దీ అందుకున్నారు. బడి ఆవరణలో వేపచెట్టు కొమ్మలు విరిగాయి. పసుపునీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో, కాళ్ల మీద గుమ్మరించారు.

"అమ్మా, గంగమ్మ తల్లీ, ఏం గావాలె? ఏం తప్పు జేసినమే?"

"నాకు ఏ అమ్మా రాలే. ఎడ్డోళ్లారా, నేనే" అని ఆమె తన పేరు చెప్పింది. ఇంటిపేరు చెప్పింది. చచ్చిపోయిన మొగుడి పేరు చెప్పింది. "వల ఈడ వడ్తదని చెప్తున్న, అంతే."

ఎంత గట్టిగా చెబితే అంత గట్టిగా డప్పు. చేతులు ఊపితే శిగం ఊగుతోందన్నారు. ఏడిస్తే తల్లి ఏడుస్తోందన్నారు. నేను కుర్రవాడి దగ్గరికి పరుగెత్తాను. అది పూనకం కాదు, నువ్వు అడిగినదానికి జవాబు చెబుతోంది, రాసుకో అన్నాను. అతను ఫోనులో వీడియో తీస్తున్నాడు. కళ్లు చెమర్చి ఉన్నాయి. "అర్థమైంది మేడమ్, చాలా గొప్ప సంస్కృతి. ఇది కూడా నివేదికలో తప్పకుండా పెడతాం" అన్నాడు.

సంఘం పెద్ద మాత్రం ఒక్క క్షణం కూడా పోగొట్టుకోలేదు. పోయి ఆమె కాళ్ల ముందు సాగిలపడ్డాడు. "తల్లీ, శాంతించు. ఏటేటా యాటను కోస్తం" అని మేకను మొక్కుకున్నాడు. ఆమె ఆయన్ని పై నుంచి చూసింది. ఎవరు, ఏమిటి, ఎందుకు అన్నీ అర్థమైనట్టు చూసి, ఉమ్మింది. అది ఆయన భుజం మీద పడింది. ఆయన తుడుచుకోలేదు. వేలితో దాన్ని తీసి, కళ్లకద్దుకున్నాడు.

నేను చాలా చూశాను. మధ్యాహ్న భోజనంలో పురుగులు చూశాను, ఆ పురుగులు లేవని చెప్పిన నోళ్లు చూశాను. అంతకంటే రోత పుట్టించే పని మాత్రం చూడలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా దండాలు పెట్టారు.

శిగమొచ్చిన మనిషి తొక్కింది కనుక పట్నం పని అయిపోయింది. ఆడవాళ్లు చీపుళ్లు తెచ్చి చెరువును ఊడ్చేశారు. రంగులన్నీ కలిసి బూడిద రంగు కుప్ప అయింది. "ఇప్పుడేం చేయాలి?" అని కుర్రవాడు అడిగితే సంఘం పెద్ద, "ఇంకేమున్నది సారు, అమ్మ ఒప్పుకున్నది" అన్నాడు.

మర్నాడు సాయంత్రం మలుపు దగ్గరికి పోయేసరికి ఆమె ముందు ఇద్దరాడవాళ్లు కుంకుమ భరిణెతో నిలబడి ఉన్నారు. ఒకామె చంకలోని పిల్లకు జ్వరమట, చేయి పెట్టమని అడుగుతోంది. ఈమె ఆ పిల్ల అరచేతిలో చేప పొలుసులు పోసి, "దవాఖానకు తీస్కపో" అంది. వాళ్లు ఆ పొలుసుల్ని కూడా కొంగున ముడేసుకుని వెళ్లారు.

"ఎల్లకాలం ఇంక నేనేం మాట్లాడినా అమ్మనే మాట్లాడ్తది" అంది నాతో. "నా నోరు గుంజుకున్నరు పంతులమ్మా." ఆ రోజు ఆమె ఉమ్మలేదు. ఉమ్మితే ఎవరైనా కళ్లకద్దుకుంటారని భయపడినట్టుంది.

కొన్ని నెలలకు కట్ట మీద పెద్ద బోర్డు వచ్చింది. చెరువు బొమ్మ, రంగులతో. నడిమధ్య అంతా లేత నీలం, జలక్రీడలు. అక్కడ వలలు నిషేధం. చేపల వేటకు ఆకుపచ్చ పట్టీ ఒకటి, కట్ట పొంటి, మురికి కాలువ కలిసే చోట. కింద, స్థానిక ప్రజల భాగస్వామ్యంతో రూపొందించినది అని రాసి ఉంది. ఆ పక్కనే ఒక ఫోటో. అంచున నిలబడ్డ జనం, ఎవరూ లేని మధ్య. ఆమె లోపలికి రాకముందు తీసిన ఫోటో అది.

హంస బొమ్మల పడవలు వచ్చాయి. క్యాంటీను వచ్చింది. ఆమె కొడుక్కు పడవలెక్కేవాళ్లకు లైఫ్ జాకెట్లు తొడిగే పని ఇచ్చారు. ఆకుపచ్చ పట్టీలో వల వేసినవాళ్లకు ప్లాస్టిక్ కవర్లు దొరికాయి, మురికి వాసన వేసే చిన్న పరక చేపలు దొరికాయి. ఆమె వాటిని గంపలో పెట్టుకుని రెండు మూడు సార్లు కూర్చుంది. ఎవరూ కొనలేదు. నేను కూడా కొనలేకపోయాను. ఆ తర్వాత చాలా రోజులు ఆమె కనిపించలేదు.

ఒక సాయంత్రం మళ్లీ కనిపించింది. గంపలో రవ్వలున్నాయి. పెద్దవి, మెరుస్తున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎక్కడివి అని అడగలేదు. అలవాటు ప్రకారం మొప్ప ఎత్తుతుందని చూశాను. ఎత్తలేదు. నేనే వంగి, ఆమె నేర్పినట్టే బొటనవేలు పెట్టబోయాను. ఆమె చేయి వచ్చి చేప తల మీద పడింది. ఆ చేయి చల్లగా ఉంది, ఐసులో చాలాసేపు ఉన్న చేయి.

"సూడకు బిడ్డా" అంది.

అంతకు ముందెప్పుడూ నన్ను బిడ్డా అనలేదు, పంతులమ్మా అనేది. రోడ్డవతల ఐసు చేపలాయన కత్తిపీట కడుగుతూ మా వైపు చూసి, వెంటనే తల వంచుకున్నాడు. ఆ మంచి మనిషే ఆమెకు సరుకు సర్దాడని తర్వాత తెలిసింది. నేను ఆ చేప తీసుకున్నాను. ఇంటికి పోయి సంచి ముడి విప్పకుండానే వీధి చివర పారేశాను. అది ఐసు చేప అని కాదు, అందరూ తినేదే. ఆమె చేయి గుర్తొచ్చి నోట్లో పెట్టలేకపోయాను.

ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు బతకలేదు. జబ్బేమిటో నేనడగలేదు.

మూడో దినం పిట్టకు పెట్టడానికి కట్ట మీదికి వస్తున్నారని టీ కొట్టాయన చెబితే పోయాను. ఆదివారం, బడి లేదు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి విస్తరాకులో పెట్టి దూరంగా నిలబడతారు. పిట్ట, అంటే కాకి, వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషి మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. అదేదో కనిపెట్టి, తెచ్చి పెట్టేదాకా ఎవరూ కదలరు. మా వైపు ఎంత పనున్నవాళ్లయినా ఆ కాసేపు నిలబడతారు.

కోడలు చేపల పులుసు వండింది. ఐసు చేపే. ఇంకెక్కడిది? విస్తరి బోర్డు కిందే పెట్టారు, నీడగా ఉందని. అందరం దూరంగా నిలబడ్డాం. ఒక్క కాకీ రాలేదు. కాకులన్నీ క్యాంటీను వెనక నూడుల్స్ డబ్బాల మీద వాలి ఉన్నాయి. నడిచెరువులో హంస పడవలు తిరుగుతున్నాయి, వాటిలోంచి పాటలు. ఎండ మాడ్చేస్తోంది.

"ఏం మిగిలిందో అడుగుండ్రి" అంది ఒక ముసలామె.

కొడుకు ముందుకు పోయి, బతికున్న తల్లిని పిలిచినట్టే, "అవ్వా, ఏం గావాలెనే?" అన్నాడు. బోటింగు వాళ్లిచ్చిన పసుపు టీషర్టు మీదే ఉన్నాడు. ఇక్కడినుంచి నేరుగా డ్యూటీకి పోవాలి.

 అక్కడున్న ప్రతి కన్నూ ఒకసారి నడిచెరువు మీదికి పోయి, మళ్లీ కిందికి దిగడం నేను చూశాను. ఆ ముసలామే మెల్లగా, "నడిచెరువు చేప ఒక్కటి..." అంది.

సంఘం పెద్ద ఫోను జేబులో పెట్టుకున్నాడు. "వల వడ్తె కేసయితది. ఎరికే గదా" అన్నాడు.  క్యాంటీనులో జనం పెరుగుతున్నారు. ఆయన రెండుసార్లు అటు తిరిగి చూశాడు. మూడోసారి తిరిగి, ఇటు చూసి, "ఆఁ, ముట్టింది. ఇగ పోదాం పాండ్రి" అన్నాడు.

విస్తరి పెట్టింది పెట్టినట్టే ఉంది. మెతుకు కదలలేదు.

"ముట్టిందా?" అన్నాడు కొడుకు. "నేను జూడలే."

"నువ్వటు తిరిగినవ్. నేను జూసిన. గిట్లొచ్చి గట్ల పోయింది."

పక్కాయన, "అవ్, నేను గూడ జూసిన" అన్నాడు. ఇంకొకాయన తలూపాడు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. కొడుకు విస్తరి వైపు చూశాడు, పెద్ద వైపు చూశాడు. తర్వాత తన టీషర్టు వైపు చూసుకుని, "అవ్" అన్నాడు.

"ముట్టలేదు" అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ముట్టలేదు. అబద్ధం. అది అట్లాగే ఉంది, చూడండి" అని అరిచాను. చేతులు కూడా ఊపానేమో.

సంఘం పెద్ద నన్ను జాలిగా చూశాడు. రెండు చేతులూ జోడించాడు. "పోయిన పెద్దమ్మ టీచరమ్మ మీదికొచ్చింది. జర నీళ్లియ్యుండ్రి" అన్నాడు.

ఎవరో క్యాంటీను నీళ్ల సీసా మూత తీసి నా చేతిలో పెట్టారు. నేను నోరు నిండా నీళ్లు పోసుకుని, పుక్కిలించి, చెరువుకు వీపు తిప్పి, ఆయన కాళ్ల ముందు ఉమ్మాను.